ఆస్పత్రి గేటుకు తెల్ల గుడ్డ

మా ఊరి పేరు చెప్పను. తిరుపతిలో పుత్తూరు బస్సెక్కి, వడమాలపేట దాటాక ఎక్కడో ఒకచోట దిగితే అదే మా ఊరనుకోండి. పేరు చెబితే చదివేవాళ్లు మనిషిని వదిలేసి ఊరి గొడవలు పట్టుకుంటారు. నేను రాయదలచుకున్నది కుప్పయ్య గురించి. ఆయన గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే, ఆయనకు నేను అన్యాయం చేశాను.

నా పేరు గిరిప్రసాద్. ఆ ఊరి పంచాయతీ ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. నాకు ముక్కు మీద కోపం. కోపం చాలామందికి ఉంటుంది, వాళ్లు నాలుగు అరుపులు అరిచి ఊరుకుంటారు. నా చేతిలో కలం ఉండేది, ముందర తీర్మానాల పుస్తకం ఉండేది. అందుకే నా కోపం ఊరి మీద పడింది.

కుప్పయ్య పలకల జట్టుకు పెద్ద. మా చిత్తూరు జిల్లాలో ఎవరు పోయినా పలకలు మోగాల్సిందే. గుండ్రటి చట్రానికి తోలు బిగించిన వాయిద్యం అది. చంకకు తగిలించుకుని రెండు పుల్లలతో కొడతారు. శవం లేచేముందు ఇంటి దగ్గర కొడతారు, పాడె ముందు నడుస్తూ కొడతారు, శ్మశానం దాకా కొడతారు. తోడుగా టపాకాయలు. పక్కనే తమిళనాడు కాబట్టి ఈ అలవాటు మాకు ఇంకో పిడికెడు ఎక్కువ. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు, చావుకు ఇంత చప్పుడేమిటండీ అని చెవులు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం చప్పుడు లేకుండా మనిషిని సాగనంపడమంటే, వీడికి దిక్కెవరూ లేరని ఊరికి చెప్పడమే.

ఆయన జట్టులో ఆరుగురు. అందరిదీ ఎస్సీ కాలనీయే. చావు లేని రోజుల్లో కుప్పయ్య చెరుకు నరికేవాడు, కాపు కాలంలో మామిడి తోటకు కాపలా ఉండేవాడు. సన్నటి మనిషి, భుజాన ఎప్పుడూ ఒక తుండు. కుడి చెవి సరిగా వినపడేది కాదు, నలభై ఏళ్లు పలక పక్కన ఉన్న చెవి అది. ఎవరైనా మాట్లాడితే ఎడమ చెవి వాళ్లవైపు తిప్పేవాడు. తెలియనివాళ్లు, ఏమిటీయన మొహం తిప్పుకుంటున్నాడు అనుకునేవాళ్లు.

పని మొదలుపెట్టే ముందు ఎండుగడ్డి మంట వేసి పలకలు కాచేవాళ్లు. తోలు వేడెక్కి బిగుసుకుంటేనే మోత వస్తుంది. కుప్పయ్య ఒక్కొక్క పలకనూ వేలితో మీటి, ఇంకా కాగాలనో, చాలుననో తల ఆడించేవాడు. పోయిన మనిషిని బట్టి ఆయన దెబ్బ మారేది. నిండా బతికిన ముసలివాళ్లకు కుర్రాళ్లు చిందులేసే దెబ్బ. సంసారం నడిమధ్యలో పోయినవాళ్లకు నెమ్మదైన దెబ్బ, దానికి ఎవరూ కాలు కదిపేవాళ్లు కాదు. పసిబిడ్డ పోతే పలక బయటికే తీయడు. బస్సు దిగినవాళ్లు ఆ మోత విని, ఎవరో పెద్దవయసువాళ్లు పోయినట్టున్నారే అని అనుకుంటూ ఇంటికి నడిచేవాళ్లు.

అందరి శవాల ముందూ మా బజారు వీధిలో నడిచిన ఈ మనుషుల సొంత శవాలు మాత్రం ఆ వీధికి రాకూడదు. కాలనీలో ఎవరైనా పోతే ఊరి వెనక వంక గట్టు మీదుగా మోసుకుపోవాలి. వానలు పడితే మోకాటిలోతు బురద. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు, తీసేయాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అందరూ చూసీ చూడనట్టు ఉండేవాళ్లం, నేను కూడా. 1994లో కాలనీవాళ్లు అర్జీ పెట్టుకున్నారు. పై అధికారి ఒకాయన వచ్చి, రెండు పక్షాలనూ కూర్చోబెట్టి, బజారు వీధి అందరిదీ అని కాగితం రాయించి, సంతకాలు తీసుకుపోయాడు. దాని నకలు ఒకటి కుప్పయ్య ఇంట్లో దేవుడి పటం వెనక ఉండేది.

ఆ కాగితం తర్వాత బజారు వీధిలో వెళ్లిన మొదటి కాలనీ శవం కుప్పయ్య భార్య తిరుమలమ్మది. ఆ రోజు పలక ఆయనే కొట్టాడు. పెళ్లాం పాడె ముందు మొగుడు పలక కొట్టడం మేమెక్కడా వినలేదు, చూడలేదు. అంగళ్లవాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. రెండు చేతులకూ పని ఉండటంతో ఆయన శ్మశానం దాకా కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు అలాగే గడ్డం మీదుగా కారాయి. ఆ సాయంత్రం కూతురితో అన్నాడట.

"నేను పోయినా ఈ దోవనే ఎత్తుకపోవాలమ్మా. ఈ సప్పుడుతోనే. నాకింకేమీ వద్దు."

ఆ కూతురి పేరు అమల. ఒక్కతే కూతురు. పదో తరగతి పాసై, మా ఊరి గవర్నమెంటు ఆస్పత్రిలో ఆయాగా చేరింది. ఆరు మంచాల ఆస్పత్రి. బజారు వీధిలో అంగళ్లు అయిపోయిన తర్వాత, హైస్కూలుకు ఇవతల ఉంటుంది. బస్టాండు నుంచి శ్మశానానికి పోయే ఏ శవమైనా దాని గేటు ముందు నుంచే పోవాలి.

2001 ఎండాకాలంలో మా అమ్మ చంద్రకాంతమ్మకు గుండెల్లో నొప్పి వస్తే ఆ ఆస్పత్రిలోనే చేర్చాను. రెండోరోజు మధ్యాహ్నం ఒక శవయాత్ర వచ్చింది. పలకల మోత కిటికీ ఊచలు అదిరేటట్టు ఉంది. సరిగ్గా గేటు ముందర టపాకాయల సరం అంటించారు. అమ్మ ఉలిక్కిపడి నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు చర్మంలోకి దిగాయి, పెదవులు నీలంగా మారాయి. డాక్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నేను గేటు దాకా ఉరికి అరిచాను, నా అరుపు నాకే వినపడలేదు. పొగలో పలకలవాళ్ల వీపులు కనిపించాయి. కుప్పయ్య జట్టే గదా, ఇంకెవరుంటారు అనుకున్నాను. ఎవరినైనా అడుగుదామని కూడా తోచలేదు.

అమ్మకు గండం గడిచింది. వారానికి ఇంటికొచ్చింది. నా కోపం మాత్రం తగ్గలేదు.

మూడు వారాల తర్వాత ఆఫీసుకు ఒక సర్క్యులర్ వచ్చింది. శబ్ద కాలుష్యం గురించి గవర్నమెంటు కొత్త నియమాలు చేసిందనీ, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు పెట్టకూడదనీ, ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా చూసుకోవాలనీ, పంచాయతీలు తీర్మానాలు చేసి దండోరా వేయించాలనీ దాని సారాంశం. అలాంటి కాగితాలు నెలకు పది వచ్చేవి. ఫైలుకు గుచ్చి మరిచిపోయేవాళ్లం. దీన్ని మాత్రం నేను పండగ బట్టలాగా పట్టుకున్నాను.

తీర్మానం నేనే రాశాను. ఆస్పత్రి చుట్టూ వంద మీటర్లు అని రాసి ఆగి ఉంటే ఈ కథ లేదు. మణికట్టు మీద గోళ్ల గాట్ల మచ్చలు ఇంకా పోలేదు. బస్టాండు నుంచి శ్మశానం మలుపు దాకా, బజారు వీధి పొడుగునా, శవయాత్రల్లో పలకలు, టపాకాయలు నిషేధం అని రాసేశాను. బజారు వీధి మాట సర్క్యులర్‌లో ఎక్కడా లేదు. అది పూర్తిగా నా సొంత కవిత్వం.

సర్పంచు వరదయ్య సంతకం పెట్టబోతూ ఆగాడు. మెట్ట మీద నలభై ఎకరాల మామిడి తోట ఉన్న మనిషి, కాగితాలు చదివే ఓపిక తక్కువ.

"ఏమప్పా గిరీ, చావులకు గూడానా?"

"పైనుంచి వచ్చిందన్నా," అన్నాను.

పైనుంచి అనేసరికి ఆయన సంతకం పెట్టాడు. వార్డు మెంబర్లు టీ తాగి, మిక్స్చర్ తిని, వాళ్లూ పెట్టారు.

ఆ మర్నాడు కుప్పయ్యను ఆఫీసుకు పిలిపించాను. పలకల జట్టు పెద్దగా ఆయన సంతకం కూడా ఒక హామీపత్రం మీద తీసుకోవాలని నా పట్టుదల. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపలికి రమ్మన్నాను. తుండు చేతిలోకి తీసుకుని, ఎడమ చెవి నావైపు తిప్పి నిలబడ్డాడు. నేను తీర్మానం చదివి వినిపించాను.

"ఆస్పత్రి కాడ మేము కొట్టం గదా సామీ," అన్నాడు. "లోపల పానం మీద ఉండేవాళ్లు ఉంటే మా పాప గేటుకు తెల్ల గుడ్డ కడతాది. గుడ్డ కనపడితే నేను సెయ్యెత్తుతాను. ఆస్పత్రి గోడ దాటేదాకా ఒక్క దెబ్బ పడదు, ఒక్క టపాకాయ పేలదు. గోడ దాటినాక మళ్లా సెయ్యెత్తితే మొదలుపెడతారు. పాప ఆడ పనికి చేరినప్పటి నుంచి మా జట్టుకు అదే రూలు."

నాకు ఒళ్లు మండింది. "మా అమ్మ చావుబతుకుల్లో ఉన్న రోజు ఏమైందప్పా నీ గుడ్డ?"

ఆయన తల అడ్డంగా ఆడించాడు. "ఆ పొద్దు నేను ఊర్లో లేను సామీ. జట్టంతా కార్వేటినగరం దిక్కు పొయ్యుంటిమి. ఈడ కొట్టినోళ్లు ఎవురో బయటోళ్లు. పాప గుడ్డ కట్టిందంట, వాళ్లకు తెలీదు."

తప్పు చేసిన ప్రతివాడూ ఊర్లో లేననే చెబుతాడని నా మనసులో అనుకున్నాను. కాగితం ఆయన ముందుకు తోశాను.

"బజారంతా ఎందుకు సామీ? ఆస్పత్రి ఒక్క కాడనే గదా ఉండాది?"

ఆ ప్రశ్న నేను వేసుకోవాల్సింది. జవాబు నా దగ్గర లేదు. లేదని ఒప్పుకోవడం చిన్నతనంగా తోచింది.

"అది గవర్నమెంటు రూలు," అన్నాను.

"గవర్నమెంటు రూలా?" కుప్పయ్య తల పంకించాడు. "అట్లయితే సరే సామీ. మమ్మల్ని ఆ వీధిలోకి రానిచ్చింది గూడా గవర్నమెంటు కాయితమే గదా. ఆ కాయితాన్ని ఊరు ఒప్పుకున్యాది. ఈ కాయితాన్ని మేం ఒప్పుకోకపోతే ఎట్ల?"

రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు. పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. కలం తిరిగి ఇస్తూ దండం పెట్టి వెళ్లాడు. నేను చెప్పింది అబద్ధమని ఆయనకు తెలియదు. నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రం ఇంటికి పోయి సుబ్బరంగా అన్నం తిన్నాను.

అమ్మకు గొప్పగా చెప్పుకున్నాను, నీ కోసం ఊరి నోరు మూయించానని. అమ్మ వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది.

"ఆ పొద్దు కొట్టింది కుప్పయ్యని నీకెవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పేదేంది, పలకలు ఇంకెవరు కొడతారు?"

"మతిపోయిందా నీకు? మీ నాయన పోయినప్పుడు కొట్టిన చెయ్యి నాకు తెలీదా? ఆ పొద్దు కొట్టినోళ్లకు ఊరూ తెలీదు, ఆస్పత్రీ తెలీదు. ఊరికే బాదినారు. అయినా నేను జడుసుకున్యది టపాకాయలకురా, పలకలకు కాదు. పోయి ఆ రాతను దిద్దిరా."

"చూద్దాంలేమ్మా," అన్నాను.

దిద్దడానికి పెద్ద పని కూడా లేదు. నెలకొకసారి పంచాయతీ సమావేశం జరుగుతుంది. పాత తీర్మానంలో బజారు వీధి అనే ముక్క తీసేస్తున్నామని ఒక్క వాక్యం రాసి, సంతకాలు పెట్టిస్తే చాలు. కానీ అలా రాస్తే సర్పంచు అడుగుతాడు, పైనుంచి వచ్చిందన్నావు గదా అని. ఆ ఒక్క మాటకు జడిసి, ఈ నెల కాదు వచ్చే నెల అనుకుంటూ పోయాను.

ఈలోగా నా తీర్మానం ఊర్లో ఎలా నడిచిందో చెప్పాలి. కాలనీవాళ్లు పాటించారు. చిన్న ఇళ్లవాళ్లు పాటించారు. బస్టాండు దాకా పలకలు కొట్టుకొచ్చి, అక్కడ జట్టును వదిలి, బజారు వీధిలో బొరుగులు చల్లుకుంటూ గమ్మున నడిచిపోయేవాళ్లు. పెద్ద ఇళ్లవాళ్లు మాత్రం కుప్పయ్య రాడని తెలిసి బయట ఊళ్ల జట్లను తెచ్చుకున్నారు. వాళ్లకు గేటు మీద గుడ్డ సంగతి తెలియదు. కుప్పయ్య ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉన్న ఆస్పత్రి ముందే నా తీర్మానం తర్వాత మోత ఎక్కువైంది. నేను కిటికీలోంచి చూసి, తల దించుకుని రసీదులు రాసుకునేవాణ్ణి.

మరుసటి ఏడాది సర్పంచు వరదయ్య తండ్రి పోయాడు. తొంభై ఏళ్ల మనిషి. అలాంటి చావుకు కుప్పయ్య దెబ్బ లేకపోతే ఎట్లా అని వరదయ్యే స్వయంగా మనిషిని పంపాడు. కుప్పయ్య వచ్చాడు, శవానికి దండం పెట్టాడు, ఇంటి ముందు ఎంతసేపైనా కొడతానన్నాడు. బజారు వీధిలో మాత్రం కొట్టనన్నాడు. నేను అక్కడే ఉన్నాను. వరదయ్య నా వైపు తిరిగి, "చెప్పప్పా గిరీ, ఈ పొద్దుకు పర్వాలేదని చెప్పు," అన్నాడు.

"ఈ ఒక్కరోజుకు కొట్టు కుప్పయ్యా, నేను చూసుకుంటాను," అన్నాను.

ఆయన ఎడమ చెవి తిప్పి శ్రద్ధగా విన్నాడు. గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినపడేటట్టు చెప్పాడు.

"వద్దు సామీ. ఈ కాయితాన్ని నేను తప్పితే, ఆ వీధి కాయితాన్ని రేపు వాళ్లు తప్పుతారు. మీకు తెలీంది కాదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కాగితానికి ఈ కాగితానికి సంబంధమే లేదనీ, ఇది నేను కోపంలో గిలికిన గీత అనీ అప్పుడే, ఆ నలుగురిలో చెప్పేసి ఉండవలసింది. చెప్పలేదు. వరదయ్య మొహం మాడిపోయింది. నగరి నుంచి వేరే జట్టును వ్యానులో తెప్పించారు. వాళ్లు బస్టాండు దగ్గర మొదలుపెట్టి బజారంతా బాదుకుంటూ పోయారు. ఆస్పత్రి గేటుకు తెల్ల గుడ్డ వేలాడుతోంది. దాని కిందే సరం అంటించారు. గేటు లోపల అమల రెండు చేతులూ ఊపుతూ నిలబడింది. నేను శవం వెనకాల పెద్దమనుషులతో నడుస్తూ, ఆ అమ్మాయిని చూడనట్టు దాటిపోయాను.

ఆ తర్వాత కుప్పయ్య నాకు రోడ్డు మీద రెండు మూడుసార్లు కనిపించాడు. మనిషి తగ్గిపోయాడు, ఆయాసం. ఒకసారి మామిడి తోట గేటు దగ్గర ఆగి అడిగాడు.

"సామీ, ఆ గవర్నమెంటు రూలు ఏమన్నా మారిందా?"

"లేదప్పా," అన్నాను.

"మారితే ఒక మాట సెప్పండి సామీ. నాకింక ఎక్కువ పొద్దు లేదు."

అప్పుడు కూడా నిజం చెప్పలేదు. సైకిలెక్కి వచ్చేశాను. ఆ గేటు, ఆ మనిషి నిలబడిన తీరు, భుజం మీద తుండు గుర్తొచ్చి, ఇప్పటికీ ఆ తోట పక్క నుంచి పోవాలంటే నాకు కాళ్లు రావు.

2003 ఆషాఢంలో ఒక తెల్లవారుజామున కుప్పయ్య పోయాడు. పదకొండు గంటలకు అమల ఆఫీసుకు వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, మా నాయన కోరిక ఒకటే. బజారు వీధిలో పలకలతో పోవాలని. ఆస్పత్రి కాడ ఎట్లాగూ ఆపేస్తారు. మిగిలిన దోవలో కొట్టుకోనిస్తే చాలు సార్. జట్టంతా పలకలు కాచుకోని కూసోనుండారు. మీరొక మాట చెబితే చాలంట."

నిజమే. నేను ఒక మాట చెబితే చాలు. నేను చేసిన పని చూడండి. సర్పంచుకు ఫోను చేశాను. తప్పు నాదైతే, అనుమతి ఇంకొకరిని అడిగాను.

వరదయ్య అటువైపు నుంచి నిదానంగా చెప్పాడు. "మా నాయన పోయిన పొద్దు వాడు కాయితం చూపించి కొట్టనన్యాడు. ఈ పొద్దు అదే కాయితం చూపించు. నాకేం కోపం లేదప్పా, రూలు అందరికీ ఒకటే."

రిసీవరు పెట్టేసి అమల వైపు తిరిగాను. గుక్కెడు నీళ్లు తాగాను. "సర్పంచు ఒప్పుకోవడం లేదమ్మా. నా చేతుల్లో ఏముంది?" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేవాణ్ణేమో. "సరే సార్," అని చెప్పి వెళ్లిపోయింది.

మూడు గంటలకు శవం లేచింది. కాలనీలో కొట్టిన పలకలు ఆఫీసుకు వినిపించాయి. నెమ్మదైన దెబ్బ. అరవై దాటిన మనిషికి చిందులేసే దెబ్బ కొట్టొచ్చు, జట్టువాళ్లకు చేతులు రాలేదేమో. బస్టాండు దగ్గర అది ఆగిపోయింది. నేను ఆఫీసు తాళం వేసి రోడ్డు మీదికి వచ్చాను.

అయిదుగురూ పాడె ముందు నడుస్తున్నారు. పలకలు చంకకే ఉన్నాయి, పుల్లలు నడుముకు దోపుకున్నారు. ఆరో పలక, కుప్పయ్యది, పాడె మీద ఆయన కాళ్ల దగ్గర ఉంది. నడిచే కాళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చప్పుడైతే అంగళ్లవాళ్లు బయటికొస్తారు, ఆ రోజు చంకన పలకలుండీ చప్పుడు లేక బయటికొచ్చారు. ఏమిటో అర్థంకాక ఒకరినొకరు చూసుకున్నారు. మా ఇల్లు ఆ వీధిలోనే. అమ్మ వసారాలో నిలబడి, "ఎవురురా అది, దిక్కులేనోళ్ల మాదిరి గమ్మున పోతా ఉండారు?" అంది.

"కుప్పయ్యమ్మా," అన్నాను.

అమ్మ నా మొహం వైపు చూసి లోపలికి పోయింది. నేను ఇరవై అడుగుల దూరంలో శవం వెనకాల నడిచాను.

ఆస్పత్రి గేటుకు తెల్ల గుడ్డ కట్టి ఉంది. జట్టువాళ్లు అలవాటు ప్రకారం దాన్ని చూసి తలలు దించారు. గోడ దాటిన తర్వాత అయిదుగురూ ఒక్క క్షణం ఆగారు. అక్కడ ఆగడం వాళ్లకు అలవాటు, ముందున్న మనిషి చెయ్యెత్తితే మళ్లీ మొదలుపెట్టాలి. ఎవరూ చెయ్యెత్తలేదు. ఆ ఆగినవాళ్లు మళ్లీ నడక మొదలుపెట్టడం చూస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. రోడ్డు మీదే, నలుగురూ చూస్తుండగానే ఏడ్చాను.

ఆడవాళ్లు అక్కడి నుంచి ముందుకు పోరు, ఆస్పత్రి దగ్గరే వెనక్కి మళ్లుతారు. అందరూ వెళ్లిపోయాక అమల ఒక్కతే గేటు దగ్గర ఉండిపోయింది. గుడ్డ ముడి విప్పుతోంది. నేను దగ్గరికి పోయాను. ఏమని పలకరించాలో తెలియక, లోపల ఎవరికైనా సీరియస్‌గా ఉందా అమ్మా అని అడిగాను.

"ఎవరూ లేరు సార్. ఆరు మంచాలూ ఖాళీనే."

"మరి గుడ్డ?"

ముడి బిగుసుకుపోయి ఉంది. ఆమె దాన్ని విప్పుతూనే చెప్పింది.

"పొద్దున మీ కాడ నుంచి వచ్చి కట్టినాను సార్. మీ కాయితానికి జడిసి మా నాయన సప్పుడు లేకుండా పోయినాడని ఊరు అనుకోకూడదు. గుడ్డ కడితే ఆపేది ఆయన రూలు. ఆయన రూలు ప్రకారమే ఆయన పోయినాడు."

ముడి ఊడింది. గుడ్డ నాలుగు మడతలు పెట్టి, పమిట కొంగులో పెట్టుకుని కాలనీ వైపు నడిచిపోయింది.

ఆ వచ్చే నెల పంచాయతీ సమావేశంలో నేను పాత తీర్మానానికి సవరణ పెట్టాను. నిషేధం ఆస్పత్రికి, హైస్కూలుకు వంద మీటర్ల లోపల మాత్రమే, బజారు వీధికి వర్తించదు. వరదయ్య చదవకుండానే సంతకం పెట్టాడు. పైనుంచి వచ్చిందన్నావు గదా అని ఎవరూ అడగలేదు. టీ వచ్చే లోపలే పని అయిపోయింది.